పిల్ల మాట పూర్తయ్యేదాకా ఆగండి: తరగతి పరిశీలనకు వచ్చే అధికారులకు బహిరంగ లేఖ

మండల విద్యాశాఖాధికారులకు, స్కూల్ కాంప్లెక్స్ (చుట్టుపక్కల బడుల సమూహం) ప్రధానోపాధ్యాయులకు, డైట్ (జిల్లా ఉపాధ్యాయ శిక్షణ సంస్థ) అధ్యాపకులకు, తనిఖీ కోసం ప్రాథమిక తరగతి గదిలో అడుగుపెట్టే అందరికీ,

నమస్కారం.

ఇరవై తొమ్మిదేళ్ళు ప్రాథమిక పాఠశాలల్లో పనిచేసి పదవీ విరమణ పొందిన ఉపాధ్యాయురాలిని నేను. సర్వీసులో ఉన్నప్పుడు మీకు చెప్పవలసి ఉండి, చెప్పే ధైర్యం చాలక మింగేసిన ఒక మాట కోసం ఈ లేఖ రాస్తున్నాను.

ఒకసారి నా నాలుగో తరగతికి ఒక అధికారి తనిఖీకి వచ్చారు. మూడో వరసలో కూర్చున్న ఒక అమ్మాయిని లేపి, "పొద్దున పొడుగ్గా ఉన్న మన నీడ మధ్యాహ్నానికి ఎందుకు పొట్టిదవుతుంది?" అని అడిగారు. మంచి ప్రశ్నే. ఆ పిల్ల పైకి చూసింది, తర్వాత తన భుజాల వైపు చూసుకుంది, పెదవులు కదిలాయి. ఇంతలోనే ఆయన "కూర్చో" అని పక్కనున్న అబ్బాయిని లేపారు. వాడు పాఠంలోని వాక్యాన్ని తడుముకోకుండా అప్పజెప్పాడు. ఆయన శభాష్ అన్నారు. వెళ్ళే ముందు రిజిస్టరులో, కొందరు విద్యార్థులు వెనకబడి ఉన్నారనీ ఉపాధ్యాయురాలు శ్రద్ధ వహించాలనీ రాసి సంతకం చేశారు.

ఆయన బండి వీధి మలుపు తిరిగాక ఆ పిల్ల నా బల్ల దగ్గరికి వచ్చింది. "టీచర్, పొద్దున సూర్యుడు మనల్ని పక్కనుంచి చూస్తాడు. అప్పుడు నేను తలనుంచి కాళ్ళదాకా కనిపిస్తాను. మధ్యాహ్నం నడినెత్తి మీదినుంచి చూస్తాడు. అక్కడినుంచి చూస్తే నా తల, భుజాలే కదా కనిపించేది! అందుకే నీడ అంతే పడుతుంది" అంది.

ఆ పిల్ల తనను తాను సూర్యుడి స్థానంలో నిలబెట్టుకుని కిందికి చూసింది. వెలుగుకు మనం ఎంత అడ్డం వస్తే అంత నీడ అన్న సంగతిని ఎవరూ చెప్పకుండా పట్టుకుంది. పొద్దుటి నీడ మనకంటే కూడా పొడుగ్గా ఎందుకు సాగుతుందన్నది ఆ వివరణలో ఇంకా లేదు. అది మరుసటి రోజు అడగవలసిన ప్రశ్న, అడిగాను కూడా. కానీ ఆ తనిఖీ రిజిస్టరులో ఆ పిల్ల "వెనకబడిన" పిల్లగానే మిగిలిపోయింది. ఆమెకు కావలసింది ఇంకో నాలుగైదు సెకన్లు, అంతే.

ఆ అధికారిని నిందించడానికి ఇది చెప్పడం లేదు. ఉద్యోగంలో చేరిన తొలి పదేళ్ళు నేనూ అదే పని చేశాను. మన బళ్ళలో అందరికీ అలవాటైన పద్ధతి ఒకటి ఉంది, మీరూ విని ఉంటారు. "మొక్కలు ఆహారాన్ని ఎక్కడ తయారుచేసుకుంటాయి? ఆ... ఆకు..." అని టీచరు సాగదీస్తే, "ల్లో!" అని తరగతి మొత్తం ఒక్క గొంతుతో అరుస్తుంది. "అర్థమైందా?" అంటే "అర్థమైంది టీచర్!" ఆ కేక వింటే మనకు ఒంట్లోకి ఉత్సాహం వస్తుంది, పాఠం పండిందనిపిస్తుంది. కానీ లెక్కపెట్టి చూస్తే ఆ పీరియడులో ఒక్కో పిల్లవాడి నోటినుంచి వచ్చింది చివరి అక్షరమే. మిగతా వాక్యమంతా మనదే. ఆకు ఆహారాన్ని ఎలా తయారుచేస్తుందని వాళ్ళు ఊహిస్తున్నారో, వంటలాగానా, పాలు పొంగినట్టుగానా, ఆ బుర్రల్లో ఏముందో మనకు తెలియనే తెలియదు.

అమెరికాలో మేరీ బడ్ రో అనే సైన్సు విద్యావేత్త 1970ల నాటికే ఈ విషయాన్ని గడియారం పెట్టి కొలిచారు. ప్రశ్న అడిగాక ఉపాధ్యాయులు సగటున ఒక్క సెకను మాత్రమే ఆగుతున్నారని ఆమె గమనించారు. ఆ విరామాన్ని మూడు సెకన్లకు పెంచితే పిల్లల జవాబులు పొడుగయ్యాయి, జవాబే రాని సందర్భాలు తగ్గాయి, ఎప్పుడూ నోరు విప్పనివాళ్ళు మాట్లాడటం మొదలుపెట్టారు. ఒక ఉపాధ్యాయ శిక్షణలో ఈ సంగతి విని, మర్నాడే నా తరగతిలో ప్రయత్నించాను. మూడు సెకన్లు ఆగడం ఎంత కష్టమో చేసి చూస్తేగానీ తెలియదు. ఆ నిశ్శబ్దం మన చేతగానితనంలా అనిపిస్తుంది. మొదట్లో బల్ల కింద వేళ్ళు మడిచి లెక్కపెట్టుకునేదాన్ని.

ఆగడం ఒక్కటే చాలదని కూడా త్వరలోనే తెలిసింది. పిల్లలు "ఎందుకు?" అన్న మాటకే భయపడతారు. మన ఇళ్ళలో పిల్లల్ని "ఎందుకు" అని ఎప్పుడు అడుగుతాం? "గ్లాసు ఎందుకు పగలగొట్టావు?", "ఇంత ఆలస్యం ఎందుకైంది?" ఆ మాట వెనక ఎప్పుడూ ఒక నేరం ఉంటుంది. కాబట్టి బడిలో "నీకు అలా ఎందుకు అనిపించింది?" అనగానే పిల్ల తన జవాబు తప్పేమో అనుకుని వెంటనే మార్చేస్తుంది. సరైన జవాబు చెప్పిన పిల్లలు కూడా మార్చేయడం ఎన్నోసార్లు చూశాను. అందుకే నేను "నీకు ఎలా తెలిసింది? మాకూ చెప్పు" అని అడగడం అలవాటు చేసుకున్నాను. పైగా తప్పు చెప్పినప్పుడే అడిగితే పిల్లలు ఆ గుట్టు పసిగడతారు. ఒప్పు చెప్పినవాళ్ళనూ అలాగే అడగాలి. కొన్ని వారాలకు భయం పోతుంది.

ఒక రోజు జరిగింది మీకు పూర్తిగా చెప్పాలి, ఎందుకంటే చర్చ అంటే ఏమిటో నాకు నేర్పింది ఆ రోజే. వరండాలో ఒలికిన నీళ్ళు అరగంటలో కనిపించకుండా పోయాయి. ఎక్కడికి పోయాయని అడిగాను. "నేల పీల్చేసుకుంది" అన్నాడు ఒకడు. చాలామంది తలలు ఊపారు. "బాష్పీభవనం" అన్న మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. ఆపుకున్నాను. "నీకు ఎలా తెలిసింది?" అన్నాను. "మా చేనులో నీళ్ళు పెడితే నేలే పీల్చుకుంటుంది కదా" అన్నాడు. అది నిజమే కదా! వాడి అనుభవంలోంచి వచ్చిన మాట. అప్పుడు వెనకనుంచి ఒక పిల్ల, అంతవరకూ తరగతిలో నోరెత్తనిది, మెల్లగా "మధ్యాహ్నం పళ్ళెం కడిగి బోర్లించకుండా పెడితే అందులో నీళ్ళు కూడా పోతాయి" అంది. నాకు వెంటనే అర్థం కాలేదు. "ఇంకొంచెం చెప్పమ్మా" అన్నాను. "స్టీలు పళ్ళెం పీల్చుకోదు కదా, టీచర్."

తరగతి ఒక్క క్షణం ఊపిరి బిగబట్టింది. నేల పీల్చుకుందన్నవాడు ఆలోచనలో పడ్డాడు. "అయితే గాలి తాగేసిందా?" అని ఇంకొకడు. "ఎండ తీసుకుపోయింది" అని మరొకడు. "ఎండ లేకపోయినా మా ఇంట్లో బట్టలు ఆరతాయి, వానాకాలంలో దండెం లోపలే కడతాం, కాకపోతే రెండు రోజులు పడుతుంది" అని ఒక అమ్మాయి. ఆ గంటలో నేను మాట్లాడిన వాక్యాలు పదిహేను కూడా ఉండవు. అందులో సగం "ఆమె ఏమందో నీ మాటల్లో చెప్పు" అన్నదే. చివరికి వాళ్ళే రెండు పళ్ళేల్లో సమానంగా నీళ్ళు పోసి, ఒకటి ఎండలో, ఒకటి గదిలో పెట్టి చూద్దామన్నారు. పెట్టారు, చూశారు. ఆ తర్వాత నల్లబల్ల మీద "బాష్పీభవనం" అని రాశాను. అప్పటికి ఆ మాట పెట్టుకోవడానికి వాళ్ళ దగ్గర ఒక వస్తువు ఉంది.

"ఆమె ఏమందో నీ మాటల్లో చెప్పు" అనేది చిన్న మాటే, కానీ దాని బలం చాలా పెద్దది. సాధారణంగా పిల్లలు టీచరు ముఖం వైపే చూస్తూ మాట్లాడతారు. తోటి పిల్ల చెప్పేది వినవలసిన పని వాళ్ళకు లేదు, ఎలాగూ టీచరు దాన్ని పెద్ద గొంతుతో మళ్ళీ చెబుతారు గనక. నేను మళ్ళీ చెప్పడం మానేసిన రోజునుంచి వాళ్ళు ఒకళ్ళ వైపు ఒకళ్ళు తిరిగారు.

ఇక్కడ నేను చేసిన తప్పు కూడా చెప్పాలి. పిల్ల చెప్పిన మాటను మనం తిరిగి చెప్పేటప్పుడు దొంగతనం జరిగిపోతుంది. పిల్ల "సూర్యుడు నడినెత్తినుంచి చూస్తాడు" అంటే, మనం "అంటే కిరణాలు నిట్టనిలువుగా పడతాయి అంటున్నావు, అంతేగా?" అంటాం. పిల్ల తల ఊపుతుంది. తను అనలేదు ఆ మాట. టీచరు ముందు కాదనలేక ఊపింది. ఆ రోజునుంచి అది మన వాక్యం, ఆమె ఆలోచన మాయం. తిరిగి చెప్పవలసి వస్తే ఆమె మాటలతోనే చెప్పి, "నేను సరిగ్గా అర్థం చేసుకున్నానా, లేక నువ్వు వేరే ఏదైనా అన్నావా?" అని అడగాలి. "కాదు టీచర్, నేను అన్నది అది కాదు" అని ఒక పిల్ల మొదటిసారి నాతో అన్న రోజు నాకు పండగలా అనిపించింది.

లెక్కల పీరియడులో ఇది ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. 52 లోనుంచి 27 తీసేయమంటే కొందరు పిల్లలు 35 అని రాస్తారు. ఎర్రసిరాతో అడ్డగీత కొట్టి "అప్పు తెచ్చుకోలేదు" అనుకుంటాం. ఒకడిని కూర్చోబెట్టి అడిగాను. "రెండులోంచి ఏడు పోదు కదా టీచర్, అందుకని ఏడులోంచి రెండు తీశాను" అన్నాడు. అది నిర్లక్ష్యం కాదు, వాడు కట్టుకున్న నియమం. చిన్నదాంట్లోంచి పెద్దది పోదని మనమే నేర్పాం. ఆ నియమం ఎక్కడ ఆగిపోవాలో మాత్రం చెప్పలేదు. అదే తరగతిలో ఇంకో అమ్మాయి, సంతలో తల్లి పక్కన కూర్చుని కూరగాయలు అమ్మే పిల్ల, ఏ అప్పూ తేకుండా నోటితోనే 25 అని చెప్పేసింది. "ఇరవై ఏడుకి మూడు వేస్తే ముప్పై, ఇంకో ఇరవై వేస్తే యాభై, ఇంకో రెండు." చిల్లర తిరిగిచ్చే పద్ధతి అది. ఆ అబ్బాయికి ఈ అమ్మాయి చేత వివరింపజేశాను. నేను నాలుగు రోజులు చెప్పినా అందనిది వాడికి ఆ పూటే అందింది. మన గణిత పాఠ్యపుస్తకాలు కారణాలు చెప్పడం, వ్యక్తపరచడం అన్నవాటిని విద్యా ప్రమాణాలుగా ఎప్పుడో ప్రకటించాయి. అయినా పిల్లలు లెక్క చేసిన దారిని నోటితో చెప్పమని అడిగే గదులు నాకు చాలా తక్కువ కనిపించాయి.

మీరు తరగతిలో కూర్చుని వినేటప్పుడు ఒక్క సంగతి గమనించండి. తెలుగు పిల్లలు కారణం చెప్పేటప్పుడు "ఎందుకనగా" అనరు. "కదా" అంటారు. "స్టీలు పళ్ళెం పీల్చుకోదు కదా", "రెండులోంచి ఏడు పోదు కదా", "భుజాలే కదా కనిపించేది". తర్కమంతా ఆ రెండక్షరాల్లో ఉంటుంది. మనం మాత్రం పుస్తకపు వాక్యం కోసం చెవులు రిక్కించి, దీన్ని వదిలేస్తాం. "పూర్తి వాక్యంలో చెప్పు" అని అడ్డు తగులుతాం. ఆలోచన పుట్టేటప్పుడు వాక్యం పూర్తిగా ఉండదు. తడబాటుతో, వెనక్కి వెళ్ళి సరిదిద్దుకుంటూ, చేతులతో గాల్లో బొమ్మలు గీస్తూ వస్తుంది. దాన్ని రాసేటప్పుడు పూర్తి వాక్యం చేయిద్దాం, పుట్టేటప్పుడు కాదు.

భాష సంగతి వచ్చింది కాబట్టి చెబుతున్నాను. తెలంగాణలో 2022-23 విద్యా సంవత్సరంనుంచి ప్రభుత్వ బడుల్లో ఒకటినుంచి ఎనిమిదో తరగతి వరకూ ఇంగ్లీషు మాధ్యమం ప్రవేశపెట్టారు. రెండు రాష్ట్రాల్లోనూ ఎదురెదురు పేజీల్లో రెండు భాషలున్న పుస్తకాలు పిల్లలకు ఇచ్చారు. తల్లిదండ్రులు ఇంగ్లీషు కోరుకుంటున్నారు, వాళ్ళ కోరికను నేను తప్పుపట్టను. కానీ పుస్తకంలో రెండు భాషలకు చోటిచ్చి, పిల్ల నోట్లో ఒకదానికే చోటిస్తే ఎలా? ఇంగ్లీషులో మాట్లాడమని తొందరపెట్టిన గదుల్లో పిల్లలు కంఠస్థం చేసిన ఒక్క వాక్యం చెప్పి కూర్చుంటారు. అదే పిల్లను ఇంటి మాటలో చెప్పనిస్తే అయిదు వాక్యాలు వస్తాయి. చెప్పింది పూర్తయ్యాక, ఆ ఆలోచనకు ఇంగ్లీషు మాటలు అందిద్దాం. ముందు చర్చ, తర్వాత భాషాంతరం.

గిడుగు రామమూర్తి గారు పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా ఉంటూ గిరిజనుల సవర భాష నేర్చుకుని, సవర పిల్లల కోసం వాళ్ళ భాషలోనే పుస్తకాలు తయారుచేశారు. ఆయన పుట్టినరోజు ఆగస్టు 29న ప్రతి బడిలో తెలుగు భాషా దినోత్సవం జరుపుకుంటున్నాం. పద్యాల పోటీలు, వ్యాసరచనలు పెడుతున్నాం. ఏజెన్సీ బడిలో కోయ పిల్లవాడు, సవర పిల్ల తమ ఆలోచనను తమ మాటలో మొదలుపెట్టి తెలుగులోకి వస్తుంటే "తెలుగులో చెప్పు" అని కసిరే రోజులు ఇంకా ఉన్నాయి. ఆయన పుట్టినరోజును జరిపే బడికి ఇది తగదు.

చట్టం కూడా పిల్లల పక్షానే ఉంది. 2009 విద్యాహక్కు చట్టంలోని 29వ సెక్షన్, పిల్లలను భయంనుంచి, ఆందోళననుంచి విముక్తం చేయాలనీ తమ అభిప్రాయాలను స్వేచ్ఛగా చెప్పేందుకు సాయపడాలనీ అంటుంది. "సాయపడాలి" అన్న మాటను దయచేసి గమనించండి. మాట్లాడవద్దని అడ్డుకోకపోవడం ఒక్కటే సరిపోదు. మాటకు దారి వెయ్యాలి.

ఇబ్బందులు నాకు తెలియనివి కావు. అరవైమంది లోపు పిల్లలుంటే అయిదు తరగతులకు ఇద్దరే ఉపాధ్యాయులు. ఒక గదిలో రెండు తరగతులు. ఒక తరగతి మాట్లాడుతుంటే ఇంకో తరగతి రాసుకోలేదు. మధ్యాహ్న భోజనం లెక్కలు, యాప్‌లో ఫొటోలు, హాజరు. చర్చ పెడితే సిలబస్ వెనకబడుతుంది, మీరు వచ్చినప్పుడు అడిగే మొదటి ప్రశ్న "ఏ పాఠం వరకూ అయింది?" అన్నదే. రెండో ప్రశ్న నోటు పుస్తకాలు దిద్దారా అన్నది. మూడోది గోడల మీద చార్టులు. తరగతి నిశ్శబ్దంగా ఉంటే మెచ్చుకుంటారు. పిల్లలు గట్టిగా వాదించుకుంటుంటే టీచరుకు అదుపు లేదంటారు. ఉపాధ్యాయులు మీరు దేన్ని చూస్తారో దాన్నే చేస్తారు, నేనూ చేశాను. తనిఖీ ఉందని తెలిసిన రోజు పళ్ళేల చర్చ లాంటిది పెట్టే ధైర్యం నాకు ఎప్పుడూ రాలేదు.

నిరంతర సమగ్ర మూల్యాంకనంలో, అంటే ఏడాది పొడవునా పిల్లల చదువును అంచనా వేసే పద్ధతిలో, "పిల్లల భాగస్వామ్యం, ప్రతిస్పందనలు" అని ఒక అంశం వచ్చినప్పుడు ఎంత సంతోషించానో చెప్పలేను. పిల్ల మాటకు మార్కులు! ఏడాది తిరిగేసరికి ఆ ప్రతిస్పందనలు గైడ్లలో అచ్చయి వచ్చాయి. పిల్లలు వాటిని ఇంటి దగ్గర నోటు పుస్తకంలో ఎక్కించుకుని వచ్చేవారు. ముప్పై పుస్తకాల్లో ఒకే "సొంత అభిప్రాయం". ఆ పుస్తకాలు మీ ముందు పెట్టాం, మీరు సంతకాలు చేశారు. ఎవరూ ఎవరినీ మోసం చేయాలనుకోలేదు. కాగితం మీద కనిపించేదాన్నే మనమంతా కొలిచాం, మాట కాగితం మీద కనిపించదు.

అందువల్ల ముందే వేడుకుంటున్నాను, నేను అడగబోయేదాన్ని మరో ఫారంగా, యాప్‌లో మరో గడిగా మార్చకండి. నేను అడిగేది మీరు స్వయంగా చేయవలసిన పని.

తరగతికి వచ్చినప్పుడు టీచరు పక్కన కుర్చీలో కాకుండా వెనక వరసలో పిల్లల మధ్య కూర్చోండి. ఇరవై నిమిషాలు పాఠం విన్నాక, ఎంతమంది పిల్లలు మూడు మాటలకు మించి మాట్లాడారో మనసులో లెక్కపెట్టుకోండి. "కదా"లు ఎన్ని వినిపించాయో చూడండి. టీచరు ప్రశ్న అడిగాక ఎంతసేపు ఆగారు, ఆగలేకపోతే అది ఏ తొందర వల్ల అని ఆలోచించండి. మాట్లాడినవాళ్ళంతా ముందు వరస అబ్బాయిలేనా, బడికి వచ్చిన మొదటి తరం ఇళ్ళ పిల్లలు, వలసనుంచి తిరిగివచ్చిన పిల్లలు ఎక్కడ కూర్చున్నారు, వాళ్ళ వైపు ఒక్క ప్రశ్నయినా వెళ్ళిందా అని చూడండి. మీరు కూడా ఒక పిల్లను ఒక ప్రశ్న అడగండి, జవాబు పుస్తకంలో దొరకనిది. అడిగి ఆగండి. ఆమె తల పైకెత్తి ఆలోచిస్తుంటే పక్క పిల్లవాణ్ణి లేపకండి. తప్పు చెప్పినా వెంటనే సరిదిద్దకండి, "ఇంకెవరైనా వేరేగా అనుకుంటున్నారా?" అని తరగతిని అడిగి చూడండి. ఆ తర్వాత టీచరుతో మాట్లాడేటప్పుడు సిలబస్ కంటే ముందు ఆ పిల్ల అన్న మాట గురించి మాట్లాడండి. కాంప్లెక్స్ సమావేశాల్లో నమూనా పాఠం చెప్పించే గంటలో పావుగంట తీసి, ఎవరి తరగతిలో ఏ పిల్ల ఏమందో ఉపాధ్యాయులు ఒకరికొకరు చెప్పుకోనివ్వండి. వారానికి ఒక్క పాఠమైనా చర్చకు వదిలి, ఆ మేరకు సిలబస్ ఆలస్యమైతే సంజాయిషీ అడగబోమని నోటితో కాక రాతపూర్వకంగా చెప్పండి. అంత భరోసా ఉంటే మా తర్వాతి ఉపాధ్యాయులు మిగతాది చేసుకుంటారు.

ఇక చివరిగా ఆ తనిఖీ రిజిస్టరు. బడి బాగుందనీ, మెరుగుపడాలనీ రాసే రెండు వాక్యాల కింద ఒక్క గీత ఖాళీ ఉంచి, ఆ రోజు ఆ తరగతిలో ఒక పిల్ల చెప్పిన మాటను, ఒక్క అక్షరం దిద్దకుండా, ఆమె అన్నది అన్నట్టుగా రాయండి. కింద మీ సంతకం చేయండి.

ఇట్లు,
ఒక విశ్రాంత ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయురాలు